‘పల్కు దారుణా...’ ఆ ‘ణా’ దగ్గరే ఆగిపోయాను

అమలాపురం: మా అమ్మాయి ఇంగ్లీషు పరీక్షలో ‘క్రూయెల్లీ’కి ‘దారుణంగా’ అని రాస్తే, కొట్టేసి ‘క్రూరంగా’ అని దిద్దారు. అప్పట్నుంచీ నాన్నగారు చదివే నన్నయ పద్యం బుర్రలో తిరుగుతోంది. ‘నిండుమనంబు నవ్యనవనీతసమానము పల్కు దారుణ...’ ఆ తర్వాత ‘ఖండల’ అని గుర్తు. మాట మనిషిని ఖండాలు చేస్తుందనా? అక్కడ దారుణమంటే క్రూరమేనా?

తణుకు: ‘ణ’ కాదండీ, ‘ణా’. ఉత్పలమాల పాదం అక్కడితో అయిపోతుంది, చివర గురువు పడాలి. దారుణ, ఆఖండల. ఆఖండలుడంటే ఇంద్రుడు, ఆయన శస్త్రం వజ్రాయుధం. పలుకు దానిలాంటిదని. అచ్చులో పాదం విరిగిన చోటు చూసి ఖండాలనుకుంటారు.

రాజమండ్రి: సంధి సరేనండి, సొగసు వేరే ఉంది. దారుణంలో ఉన్నది చీల్చడం, విదారణలో ఉన్నదే. ఆఖండలుడన్నా బద్దలుకొట్టేవాడే. నవనీతం, అంటే వెన్న, పక్కన రెండు కోసే మాటలు! భారతంలో పౌష్య మహారాజు ఉదంకుడనే విప్రుడితో అనే పద్యం ఇది, విప్రుడైతే ఇచ్చిన శాపం మళ్లించుకోగలడు, రాజుకి చేతకాదని. విప్రుడి మనసు వెన్న కనక ఆ పలుకు కఠినమే గాని క్రూరం కాదు. దిద్దినవారిదే రైటు.

భీమవరం: ఒప్పుకోను. 1996 నవంబరు తుఫానుకి మా దొడ్లో కొబ్బరిచెట్ల మొవ్వలు మెలితిరిగి విరిగిపోయాయి. దారుణంగా దెబ్బతిన్నాం అన్నాం, క్రూరంగా అని ఒక్కరూ అనలేదు. గాలికి మనసెక్కడుంది? ఇంగ్లీషు క్రూయెల్లీ మాత్రం మనిషికీ వాడతారు, విధికీ వాడతారు. ఏ వాక్యమో చూడకుండా ఎలా కొట్టేస్తారు?

నరసాపురం: క్రూయెల్, క్రూర చుట్టాలేనండీ. లాటిన్‌లో ‘క్రూదుస్’ అంటే పచ్చిది, మన ‘క్రవ్యం’ పచ్చిమాంసం. రాక్షసుణ్ణి క్రవ్యాదుడనేది అందుకే.

తణుకు: చుట్టరికం ఉంటే అర్థం ఒకటే అయిపోదు. ‘నిష్ఠురం’ సంస్కృతంలో కఠినం. మనం దీర్ఘం ఇచ్చి ‘ఆది నిష్ఠూరం మేలు’ అన్నాక అది మాటపడటం అయింది. అంతా ఆ ‘ఠూ’లో ఉంది.

రాజమండ్రి: దీర్ఘంతో అర్థం మారిందంటారా? నాకు నమ్మకం లేదు. మా అమ్మమ్మ నిష్ఠూరమాడిందంటే అందులో ప్రేమ కూడా ఉండేది.

భీమవరం: అమలాపురం వారూ, ఇంతకీ పరీక్షలో వాక్యం ఏమిటి?

అమలాపురం: అమ్మాయి ట్యూషన్ నుంచి వచ్చాక అడుగుతానండి. నాన్నగారి పుస్తకం ఇప్పుడే దించాను. పాదం ‘దారుణా’ దగ్గరే విరిగింది. ‘ణా’ కింద ఆయన పెన్సిల్ గీత ఉంది.

తణుకు: పక్కన ఏమైనా రాశారా?