అభిమానుల గ్రూపులో ఆడవాళ్లకు వేరే గ్రూపు పెట్టాలా, ఉన్నదాన్నే సరిచేయాలా?

కర్నూలు బురుజు: మా హీరో జిల్లా అభిమానుల వాట్సాప్ గ్రూపు 1024 మందితో నిండిపోయింది. ఆడవాళ్లు మాత్రం చేరినంత వేగంగా వెళ్లిపోతున్నారు. గ్రూపులో నంబరు తీసుకుని రాత్రి పదకొండుకు ‘హాయ్, తిన్నావా’ అని పెట్టేవాళ్ల వల్లే. కమిటీలో సగంమంది లేడీస్‌కు వేరే గ్రూపు పెడదామంటున్నారు. మీరేమంటారు?

అనంత టవర్‌క్లాక్: వద్దన్నా. బెనిఫిట్ షో టికెట్లు, ఫ్లెక్సీ చందాలు అన్నీ పెద్ద గ్రూపులోనే తేలుతాయి. ఆ మాట పక్క గ్రూపుకు చేరేలోపు టికెట్లు అయిపోతాయి. వేధించేవాడు ఉన్నచోటే ఉంటే, చోటు మారాల్సింది ఆమెనా?

అసలు సమస్య నంబరు కనబడటం. మామూలు వాట్సాప్ గ్రూపులో దాన్ని దాచలేం. టెలిగ్రామ్‌కు మారండి. ప్రైవసీలో ఫోన్ నంబర్ దగ్గర ‘నోబడీ’, నంబరుతో వెతకడం దగ్గర ‘మై కాంటాక్ట్స్’ పెట్టుకోవాలి. చాలామంది పొరపాటు చేసేది తర్వాతే: కొత్తవాళ్లను కాంటాక్టుగా కలుపుకునేటప్పుడు ‘షేర్ మై ఫోన్ నంబర్’ టిక్కు తీయరు. అంతే, నంబరు వెళ్లిపోతుంది. సభ్యులు వంద దాటాక అడ్మిన్ సభ్యుల జాబితాను కూడా దాచేయొచ్చు.

ఆదోని అభిమాని: ఇంత కట్టుదిట్టం చేస్తే గ్రూపులో సందడి ఉండదప్పా. అవతలి ఫ్యాన్స్ తిడుతుంటే మనం చేతులు కట్టుకుని కూర్చోవాల్నా? బూతు పదాలున్న మెసేజులను తనంతట తానే తీసేసే ఫిల్టర్ బాట్ పెడితే సరిపోతుంది.

కడప ఏడురోడ్లు: బాట్ ఒక్కదానితో పని కాదు తమ్ముడూ. మనోళ్లు బూతును ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో అంకెలు దూర్చి, పదిరకాల స్పెల్లింగులతో రాస్తారు. తెలుగు లిపి జాబితాకు అది దొరకదు. పైగా ‘నన్ను ఇట్లన్నాడు’ అని ఆ మాటనే చూపించి ఫిర్యాదు చేసిన అమ్మాయి మెసేజు ఎగిరిపోతుంది.

పదాన్ని కాదు, గురి ఎవరన్నది చూడండి. ఫ్యాన్ వార్‌లో తిట్టేది హీరోను, తిట్టు పడేది అతని తల్లికీ, భార్యకూ, కూతురికీ. సినిమా బాగాలేదంటే ఉంచండి, ఇంటి ఆడవాళ్ల ప్రస్తావన వస్తే తీసేయండి. హీరోయిన్ నడుము దగ్గర కత్తిరించి జూమ్ చేసిన ఎడిట్లకూ అదే రూలు. సినిమా విడుదల రాత్రి స్లో మోడ్ (ఒక్కొక్కరు రెండు మెసేజుల మధ్య ఆగాల్సిన వ్యవధి) 30 సెకన్లకు పెడితే, అడ్మిన్లకు చదివే తీరిక దొరుకుతుంది.

ఆదోని అభిమాని: సభ్యుడు తప్పు చేస్తే అడ్మిన్‌ను లోపలేస్తారంట కదా, నిజమేనా?

కడప ఏడురోడ్లు: అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యుడి పోస్టుకు బాధ్యుడు కాడని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. తనే పెట్టినా, తెలిసి ఉసిగొల్పినా వేరే సంగతి.

వెంటపడే వాడి మీద భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ఉంది. ఇష్టం లేదని స్పష్టంగా తెలిపాక కూడా పదేపదే సంప్రదిస్తే, మొదటిసారి మూడేళ్ల వరకు శిక్ష. అందుకే ‘నాకు మెసేజ్ చేయొద్దు’ అని ఒక్కసారి రాసి, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి, ఆ తర్వాతే బ్లాక్ చేయాలి. ముందే చాట్ చెరిపేస్తే చూపడానికి ఏమీ మిగలదు. గ్రూపులో తీసేసిన మెసేజులు టెలిగ్రామ్ ‘రీసెంట్ యాక్షన్స్’లో అడ్మిన్లకు 48 గంటలే కనిపిస్తాయి. ఫిర్యాదు వచ్చిన రోజే సేవ్ చేయండి.

అనంత టవర్‌క్లాక్: డీప్‌ఫేక్ (ఏఐతో ఒకరి ముఖాన్ని ఇంకొకరికి అతికించిన నకిలీ వీడియో) సంగతీ రాసుకోండి. 2023లో రష్మికా మందన్న వీడియో కేసులో ఢిల్లీ పోలీసులు పట్టుకున్నది ఆమె పేరుతోనే ఫ్యాన్ పేజీ నడిపిన యువకుణ్ని. ఫాలోవర్లు పెరగాలని చేశాడని పోలీసులు చెప్పారు. అభిమానమనే పేరుతోనే ఇది జరిగింది! సభ్యురాలి ఫొటో మార్ఫ్ చేస్తామని ఎవరైనా బెదిరిస్తే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళల విభాగం ఉంది.

కర్నూలు బురుజు: సరే అక్కా, టెలిగ్రామ్‌కు మారుస్తాం. కానీ ఫిర్యాదు ఎవరికి చెప్పాలి? అడ్మిన్లు ఆరుగురూ మగవాళ్లమే.

అనంత టవర్‌క్లాక్: ఇద్దరు ఆడవాళ్లను అడ్మిన్లుగా పెట్టండి, తీసేసే, బ్యాన్ చేసే హక్కుతో. పేరుకు పెడితే లాభంలేదు. వాళ్లకు ‘రిమైన్ అనానిమస్’ ఆన్ చేయండి. గ్రూపు పేరు మీదే మెసేజు వెళ్తుంది, బ్యాన్ అయినవాడు వాళ్ల ఇన్‌బాక్స్ మీద పడడు.