రెండున్నరేళ్ల పిల్లలు మడవగలిగే హాలోవీన్ కాగితపు బొమ్మ ఏది?

కావలిలో మా వీధి చిన్నపిల్లల బడిలో, అక్టోబరు 31న వచ్చే హాలోవీన్ కోసం, మూడేళ్ల లోపు పిల్లలు ఎనిమిది మందితో కాగితపు బొమ్మలు చేయించే పని నేను తీసుకున్నాను. 15 సెంటీమీటర్ల చదరపు నల్ల కాగితంతో మొదట గబ్బిలాన్ని ప్రయత్నించాము. ఐమూలగా వేసే తొలి మడతను, నేను మూలలు కలిపి పట్టుకుంటే, పిల్లలు అరచేత్తో రుద్ది చక్కగా వేశారు. కానీ ఆ త్రికోణపు పొడవాటి అంచును రెండు వేళ్ల వెడల్పున కిందికి మడిచి, కొసలను రెక్కలుగా వంచడం ఒక్కరికీ సాధ్యపడలేదు. చదరాన్ని 21 సెంటీమీటర్లకు పెంచినా, మడత గీతలు ముందే వేసి ఇచ్చినా ఫలితం లేదు.

దళసరి చార్టు వారి వేళ్లకు లొంగలేదు. పలుచని గ్లేజు కాగితం ఈశాన్య రుతుపవనాల తేమకు మెత్తబడి, మడత నిలవడం లేదు. నేనే పూర్తిచేసి ఇచ్చిన బొమ్మను పక్కన పడేస్తున్నారు గానీ, తాము మడిచిన ఉత్త త్రికోణాన్ని మాత్రం అమ్మకు చూపాలని గుప్పిట్లో దాచుకుంటున్నారు. అందుకే బొమ్మ వారి చేతులతోనే పూర్తికావాలని నా కోరిక.

కత్తెర అవసరం లేకుండా, రెండు మడతలకు మించకుండా, గబ్బిలమో గుమ్మడికాయో దెయ్యమో అని గుర్తుపట్టేలా వచ్చే ఆకారం ఏదైనా మీరు ఈ వయసు పిల్లలతో చేయించి ఉంటే, అది ఎలా మడవాలో దయచేసి చెప్పగలరా?