ఫోక్ట్ అంటే ఎవరు?

ప్రశ్న: జర్మనీ మ్యాప్‌లో తురింగియా, సాక్సనీ కలిసేచోట 'ఫోక్ట్‌లాండ్' అని కనిపించింది. లాండ్ అంటే నేల, సరే. ఈ ఫోక్ట్ ఎవరండీ, ఎవరైనా రాజు పేరా?

జవాబు: పేరు కాదండీ, ఉద్యోగం. లాటిన్ అడ్వొకాటుస్ నుంచి వచ్చింది, అంటే మన కోర్టులో నల్లకోటు అడ్వకేట్‌గారికి దగ్గర చుట్టం. అసలు అర్థం 'సాయానికి పిలిపించుకున్నవాడు'. అప్పట్లో మఠాలకీ బిషప్పులకీ బోలెడు భూములుండేవి, కానీ మతాచార్యులు కత్తి పట్టకూడదు, మరణశిక్ష వేయకూడదు, అందుకని తగువులు తీర్చడానికీ సైన్యం నడపడానికీ బయటి దొర ఒకణ్ణి పెట్టుకునేవాళ్ళు. చక్రవర్తి కూడా తన సొంత భూములకి ఇలాగే పెట్టేవాడు. పెట్టుకున్నవాడు ఊరుకుంటాడా, మన కరణీకంలాగే అది తండ్రి నుంచి కొడుక్కి దిగిపోయింది. వైడా ఊరి దొరలకి ఆ పదవి దక్కింది, తర్వాత వాళ్ళు గేరా, ప్లావెన్, గ్రైట్స్ వైపు శాఖలుగా పాకారు, వాళ్ళ ఏలుబడిలోని నేలంతా ఫోక్ట్‌లాండ్ అయింది. డచ్చి భాషలో ఇదే మాటకి ఇప్పుడు మైనరు పిల్లల సంరక్షకుడని అర్థం.

ప్రశ్న: మరి గ్రైట్స్ రాజుల్ని 'రాయిస్' వంశం అంటారు కదా?

జవాబు: అది మొదట్లో ముద్దుపేరు. 13వ శతాబ్దంలో ప్లావెన్ శాఖలో ఒకాయన్ని లాటిన్‌లో రుథేనుస్ అనేవాళ్ళు, అంటే రుథేనియావాడు, ఈనాటి ఉక్రెయిన్ వైపు. భార్య తరఫు చుట్టరికం వల్ల అంటారు. ఆ ముద్దుపేరే చివరికి వంశం పేరైంది. ఇంకో తమాషా ఏంటంటే, ఈ ఇంట్లో పుట్టిన ప్రతి మగపిల్లాడూ హైన్రిషే! ఆరో హైన్రిష్ చక్రవర్తి మీద గౌరవంతో మొదలైందని చెప్పుకుంటారు. గద్దె ఎక్కినా ఎక్కకపోయినా నంబరు తప్పదు. గ్రైట్స్‌లో ఉన్న పెద్ద శాఖ వందదాకా లెక్కపెట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలని పెట్టుకుంది, గేరా వైపు చిన్న శాఖ శతాబ్దం మారినప్పుడల్లా కొత్త లెక్క మొదలుపెట్టేది. 1848లో గద్దె దిగిపోయిన ఎబర్స్‌డోర్ఫ్ రాజు 72వ హైన్రిష్!

గ్రైట్స్ చూస్తే ఎంత ఊరని, వైస్ ఎల్స్టర్ నది ఒడ్డున కొండమీద ఒక కోట, కింద ఊళ్ళో ఇంకో కోట, 1802లో ఊరు తగలబడితే కిందిది కొత్తగా కట్టుకున్నారు. రాజ్యం మొత్తం 316 చదరపు కిలోమీటర్లు. అయినా రోషం తక్కువేం కాదు, 1866 యుద్ధంలో ఆస్ట్రియా పక్షాన నిలబడి ప్రష్యా సైన్యాన్ని ఇంటిమీదికి తెచ్చుకున్నారు. అప్పటికి 22వ హైన్రిష్ మైనరు, పెత్తనం తల్లి కరోలీనాది. ఆయన కొడుకు 24వ హైన్రిష్‌కి ఆరోగ్యం సరిగా లేక గేరా శాఖవాళ్ళే 1918దాకా రాజ్యం చూశారు.

ప్రశ్న: తెలుగులో రాసేటప్పుడు రోమన్ అంకెలు పెట్టాలా?

జవాబు: ఎందుకండీ, '24వ హైన్రిష్' అంటే చాలు, ఎవరికైనా అర్థమవుతుంది.