పీల్ రీజియన్ మున్సిపల్ ఫలితాలు ఎలా చదవాలి? రీజనల్ కౌన్సిలర్, సిటీ కౌన్సిలర్, చైర్, ట్రస్టీ: ఎవరేంటి?

ప్రశ్న: కొత్తబ్రాంప్టన్

అందరికీ నమస్కారం. 2026 అక్టోబర్ 26న అంటారియో అంతటా మున్సిపల్ ఎన్నికలు కాబట్టి, ముందుగా 2022 ఫలితాల పట్టికలు తీసి చూస్తున్నాను. టొరంటో పక్కనున్న పీల్ రీజియన్‌లోని బ్రాంప్టన్, మిస్సిస్సాగా, కేలడన్ మూడూ చూశాను. కొన్ని అర్థం కాలేదు.

1. ఏ పేరు పక్కనా పార్టీ లేదు. అందరూ ఇండిపెండెంట్లేనా?
2. బ్రాంప్టన్‌లో ఒకే వార్డుకి సిటీ కౌన్సిలర్, రీజనల్ కౌన్సిలర్ అని రెండు పోటీలున్నాయి. మిస్సిస్సాగాలో ఒక్కటే ఉంది. ఎందుకు?
3. పీల్ రీజియన్ చైర్‌కి ఎన్ని ఓట్లు వచ్చాయో ఎక్కడా లేదు.
4. మేయర్ 60 శాతంతో గెలిచారంటే ఊరంతా ఆయన వైపే ఉన్నట్టా?
5. పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద ఉన్నవాళ్లకి ఓటు ఉందా? లేకపోతే ఇంకేం చెయ్యొచ్చు?

తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పగలరు.

జవాబు 1: క్రెడిట్‌నది

మూడో ప్రశ్నతో మొదలుపెడతానండీ, అది తెలిస్తే రెండోది దానంతటదే విడిపోతుంది.

పీల్‌లో ప్రభుత్వం రెండంచెలు. పైన రీజియన్, కింద మూడు మున్సిపాలిటీలు. మన జడ్పీ చైర్మన్‌ని జనం నేరుగా ఎన్నుకోరు, జడ్పీటీసీలు ఎన్నుకుంటారు కదా, పీల్ చైర్ కూడా అంతే. 2022లోనూ రీజనల్ కౌన్సిల్ సభ్యులే కూర్చుని ఎన్నుకున్నారు. 2018లో నేరుగా ఎన్నిక పెడదామని ఏర్పాట్లు జరిగాయి. నామినేషన్లు నడుస్తుండగానే ప్రొవిన్స్ (అంటారియో ప్రభుత్వం) చట్టం తెచ్చి పీల్, యార్క్, నయాగరా, మస్కోకాల్లో దాన్ని ఆపేసింది. హాల్టన్, డరమ్, వాటర్లూల్లో మాత్రం చైర్‌కి జనమే ఓటేశారు. 2018 డిసెంబర్‌లో నాండో ఇయానికాని కౌన్సిల్ ఎన్నుకుంది, 2022 తర్వాత మళ్లీ ఆయన్నే ఎన్నుకుంది. జనం ఓటు లేదు కాబట్టి పట్టికలో అంకె కూడా లేదు.

ఇక రెండో ప్రశ్న. మిస్సిస్సాగాలో 11 వార్డులు, వార్డుకొక కౌన్సిలర్. మేయర్‌తో కలిపి 12 మంది. ఆ 12 మందీ సిటీ కౌన్సిల్‌లోనూ కూర్చుంటారు, రీజనల్ కౌన్సిల్‌లోనూ కూర్చుంటారు. అందుకే బ్యాలెట్ మీద ఒక్క పోటీ. బ్రాంప్టన్‌లో 10 వార్డులని రెండేసి చొప్పున ఐదు జతలు చేశారు: 1-5, 2-6, 3-4, 7-8, 9-10. 2022లో ప్రతి జతకీ ఒక సిటీ కౌన్సిలర్, ఒక రీజనల్ కౌన్సిలర్. ఐదూ ఐదూ పది, మేయర్‌తో పదకొండు. రీజనల్ కౌన్సిలర్ రెండు చోట్లా ఓటేస్తారు. సిటీ కౌన్సిలర్ ఎన్నికైంది సిటీ కౌన్సిల్‌కే. ఒకే మనిషి రెండిటికీ నిలబడటం కుదరదు.

ఇక్కడే లెక్క చూడండి. 2021 జనగణన ప్రకారం మిస్సిస్సాగా జనాభా 7,17,961, బ్రాంప్టన్ 6,56,480, కేలడన్ 76,581. మిస్సిస్సాగాలో వార్డుకి సగటున 65 వేల మంది. బ్రాంప్టన్‌లో ఒక జతకి 1,31,000 మంది, అంటే మనవైపు చిన్న పట్టణమంత. ఇంత పెద్ద జతలో కౌన్సిలర్‌గా నిలబడేవాళ్లకి ఇంటింటికీ తిరగడమే కష్టం. అందుకే సిట్టింగ్‌లకీ, పేరు ముందే వినపడిన వాళ్లకీ అక్కడ మొగ్గు ఎక్కువ. పట్టికలో ఓటమి గెలుపులు చూసేటప్పుడు ఈ సైజు మర్చిపోకండి.

పనుల విభజన కూడా తెలిస్తే మంచిది. పోలీసు, తాగునీరు, మురుగునీరు, చెత్త, అంబులెన్సు, పబ్లిక్ హెల్త్, వృద్ధుల లాంగ్‌టర్మ్ కేర్ ఇవన్నీ రీజియన్ కిందివి. ఫైర్, బస్సులు, వీధుల్లో మంచు తీయడం, పార్కులు, లైబ్రరీ, జోనింగ్, బేస్‌మెంట్ యూనిట్ రిజిస్ట్రేషన్ సిటీవి. ప్రాపర్టీ టాక్స్ బిల్లులో సిటీ వాటా, రీజియన్ వాటా, ఎడ్యుకేషన్ వాటా అని మూడు గళ్లు ఉంటాయి, మూడోదాని రేటు ప్రొవిన్స్ నిర్ణయిస్తుంది. పోలీసు బడ్జెట్ గురించి సిటీ కౌన్సిలర్‌ని నిలదీసేవాళ్లు చాలామంది. దానికి ఓటేసేది రీజనల్ కౌన్సిల్.

జవాబు 2: వార్డులెక్క

నాలుగో ప్రశ్నకి చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చదివేది దీన్నే.

2022 అక్టోబర్ 24న బ్రాంప్టన్‌లో పాట్రిక్ బ్రౌన్‌కి దాదాపు 60 శాతం వచ్చింది. కానీ ఓటింగ్ 25 శాతం లోపే. అర్హులు వందమంది అనుకుంటే పాతికమంది వచ్చారు, వాళ్లలో పదిహేనుగురు ఆయనకి వేశారు. మిస్సిస్సాగాలో బానీ క్రాంబీకి 78 శాతం, అక్కడ ఓటింగ్ ఇంకా తక్కువ, దాదాపు 22 శాతం. కేలడన్‌లో అనెట్ గ్రోవ్స్ మేయర్ అయ్యారు. శాతం పక్కన ఓటింగ్ శాతం పెట్టకుండా ఏ మేయర్ ఫలితమూ చదవకూడదు. 2018లో ఇదే బ్రౌన్, అప్పటి మేయర్ లిండా జెఫ్రీని ఓడించింది నాలుగు వేల లోపు ఓట్లతో.

పార్టీ గుర్తులు లేవు కాబట్టి ఇక్కడ ఓట్లు ఎలా చీలతాయో మిస్సిస్సాగా 2024 ఉపఎన్నిక బాగా చూపిస్తుంది. క్రాంబీ అంటారియో లిబరల్ పార్టీ నాయకత్వానికి వెళ్లి జనవరిలో రాజీనామా చేశారు. జూన్ 10న పోలింగ్. బ్యాలెట్ మీద 20 పేర్లు. కారొలిన్ పారిష్ దాదాపు 31 శాతంతో గెలిచారు. ఆల్విన్ టెడ్జో పాతిక శాతం దగ్గర ఆగారు. మూడో స్థానం, 20 శాతానికి కాస్త తక్కువతో, తెలుగు మూలాలున్న దీపికా దామెర్లది. ఆమె 2018 నుంచి ఏడో వార్డు కౌన్సిలర్, అంతకుముందు ప్రొవిన్స్‌లో మంత్రి. పదిమందిలో ఏడుగురు పారిష్‌కి వేయలేదు, అయినా ఆమే మేయర్. ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలుపు, సగం దాటాలన్న నియమం లేదు, రెండో రౌండ్ లేదు. ప్రాధాన్య ఓటు పద్ధతిని 2018లో అంటారియోలోనే ఉన్న లండన్ నగరం వాడింది గానీ 2020లో ప్రొవిన్స్ దాన్ని తీసేసింది.

మేయర్ గెలిచారు కదా, ఇక కౌన్సిల్ ఆయన మాటే వింటుందనుకోకండి. 2015 అక్టోబర్‌లో బ్రాంప్టన్ మెయిన్ స్ట్రీట్ మీద ఎల్‌ఆర్‌టీ (లైట్ రైలు) వేసే ప్రతిపాదన కౌన్సిల్‌లో 6–5తో వీగిపోయింది. మేయర్ జెఫ్రీ దానికి అనుకూలం, అయినా ఆ ఓటమిని ఆపలేకపోయారు. ఆ ఒక్క ఓటు వల్ల మిస్సిస్సాగా నుంచి వచ్చే ఆ హ్యూరాన్‌టారియో లైన్ స్టీల్స్ రోడ్డు దగ్గరే ఆగేలా డిజైన్ అయింది, డౌన్‌టౌన్ బ్రాంప్టన్ దాకా పొడిగించే చర్చ ఏళ్ల తరబడి సాగింది. ఒక వార్డు జతలో ఫలితం వేరేలా ఉండి ఉంటే ఆ రైలు సంగతి వేరు.

2023లో స్ట్రాంగ్ మేయర్ అధికారాలు వచ్చాక ఈ లెక్క ఇంకా పదునెక్కింది. బ్రాంప్టన్, మిస్సిస్సాగాలకి 2023 జులై 1న, కేలడన్‌కి అక్టోబర్ 31న అమల్లోకి వచ్చాయి. ఇళ్ల నిర్మాణం లాంటి ప్రొవిన్స్ ప్రాధాన్యాల విషయంలో మూడోవంతుకి మించిన మద్దతుతో మేయర్ బైలా (స్థానిక చట్టం) నెగ్గించుకోవచ్చు. బ్రాంప్టన్ 11 మందిలో అంటే మేయర్‌తో కలిపి నలుగురు చాలు. మేయర్ వీటోని తిప్పికొట్టాలంటే మూడింట రెండొంతులు, అంటే ఎనిమిది మంది కావాలి. మిస్సిస్సాగాలో 12 మందికి ఆ అంకెలు ఐదు, ఎనిమిది. ఫలితాల రాత్రి మేయర్ పేరు చూసి టీవీ కట్టేయకండి. ఎవరెవరు ఏ వైపో రాసుకుని ఆ ఎనిమిది ఎక్కడ దొరుకుతాయో చూడండి.

మొదటి ప్రశ్నకి: అవును, పార్టీలు లేవు. జీహెచ్‌ఎంసీలో లాగా గుర్తులు ఉండవు, పేర్లు ఇంటిపేరు అక్షరక్రమంలో ఉంటాయి. తెరవెనుక పార్టీ మనుషులు పనిచేస్తారు, అది పట్టికలో కనపడదు. అది కనపడే చోటు వేరే ఉంది, కింద ఎవరైనా చెప్పకపోతే నేనే రాస్తాను.

జవాబు 3: మాల్టన్_మేస్టారు

ఆ చోటు నేను చెప్తాను: అభ్యర్థుల ఆర్థిక నివేదికలు. ఎన్నిక తర్వాతి మార్చిలో చివరి శుక్రవారం లోపు ప్రతి అభ్యర్థీ, ఓడినా సరే, ఎన్నికలు నడిపే సిటీ క్లర్క్‌కి లెక్కలు ఇవ్వాలి. 2022 ఎన్నికకి ఆ గడువు 2023 మార్చి 31. క్లర్క్ ఆఫీసు వాటిని వెబ్‌సైట్‌లో పెడుతుంది. వంద డాలర్లు దాటి ఇచ్చిన దాతల పేర్లుంటాయి. ఫలితాల పట్టిక పక్కన ఈ నివేదిక తెరిచి పెట్టుకుంటే ఎవరి వెనక ఎవరున్నారో చాలామటుకు తెలుస్తుంది.

ఖర్చు పరిమితి సూత్రం: మేయర్‌కి 7,500 డాలర్లు, దానిమీద ఓటరుకి 85 సెంట్లు. కౌన్సిలర్‌కి 5,000, దానిమీద ఓటరుకి 85 సెంట్లు. ఒక వార్డు జతలో 60 వేలమంది ఓటర్లున్నారనుకుంటే 5,000 + 51,000 = 56,000 డాలర్లు.

ఐదో ప్రశ్నకి ఇక్కడే జవాబు ఉంది. ఓటు కెనడా సిటిజన్లకే, 18 నిండాలి, ఆ మున్సిపాలిటీలో నివాసం ఉండాలి లేదా అక్కడ సొంత ఇల్లో అద్దె ఇల్లో ఉండాలి, లేదా అలా ఉన్నవారి భార్య/భర్త అయ్యుండాలి. పీఆర్‌కి ఓటు లేదు. కానీ విరాళానికి సిటిజన్‌షిప్ అక్కర్లేదు, అంటారియోలో మామూలుగా నివసించే వ్యక్తి అయితే చాలు. ఒక అభ్యర్థికి గరిష్ఠం 1,200 డాలర్లు, ఒకే కౌన్సిల్‌కి పోటీ చేసేవాళ్లందరికీ కలిపి 5,000. పాతిక డాలర్లు దాటితే నగదు కుదరదు. మన సంఘాల వాళ్లు, రెస్టారెంట్ యజమానులు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే: కంపెనీ ఖాతా నుంచి చెక్కు రాస్తారు. కంపెనీలు, యూనియన్లు ఇవ్వడం నిషేధం. అభ్యర్థి ఆ చెక్కు తిప్పి పంపాలి. హాలు ఉచితంగా ఇవ్వడం, భోజనాలు పెట్టడం కూడా విరాళం కిందే లెక్క. ఇంకో అపోహ, ఫెడరల్ పార్టీ విరాళాల్లాగా దీనికి ఇన్‌కమ్ టాక్స్ క్రెడిట్ వస్తుందని. రాదు.

జవాబు 4: కొత్తబ్రాంప్టన్

చాలా థాంక్సండీ. ఇంకో రెండు అడగొచ్చా? ఇంట్లో ఒకరికి ఈమధ్యే సిటిజన్‌షిప్ వచ్చింది, లిస్టులో పేరు ఉంటుందా? మిస్సిస్సాగాలో ఉంటూ బ్రాంప్టన్‌లో ఇల్లు అద్దెకిచ్చిన వాళ్లు ఎక్కడ వేయాలి?

జవాబు 5: క్రెడిట్‌నది

రెండు చోట్లా వేయొచ్చు. రెండూ వేరు మున్సిపాలిటీలు కాబట్టి ఉన్నచోట నివాసిగా, ఇల్లున్న చోట యజమానిగా. ఒకే మున్సిపాలిటీలో మూడు ఇళ్లున్నా ఓటు ఒక్కటే, అదీ నివాసమున్న వార్డులోనే. ఇల్లు కంపెనీ పేరు మీద ఉంటే ఆ హక్కు రాదు.

కొత్త సిటిజన్ పేరు దానంతటదే ఎక్కుతుందని నమ్ముకోవద్దు. 2022 దాకా జాబితా ఎంప్యాక్ (ఆస్తుల విలువ కట్టే సంస్థ) తయారుచేసేది, 2024 నుంచి ఎలక్షన్స్ అంటారియో చేస్తోంది. పాత చిట్కాలు చదివి ఎంప్యాక్ చుట్టూ తిరిగి టైమ్ వృథా చేసుకోకండి. ఎలక్షన్స్ అంటారియో సైట్‌లో రిజిస్టర్ చేసుకోండి. సెప్టెంబర్ 1 నుంచి సిటీ క్లర్క్ దగ్గర సవరణ దరఖాస్తు ఇవ్వొచ్చు. అదీ దాటిపోతే పోలింగ్ రోజు బూత్‌లోనే పేరు ఎక్కిస్తారు, కాకపోతే లైను పొడుగు.

గుర్తింపు విషయంలో జనం వెనక్కి తిరిగేది పాస్‌పోర్ట్ తెచ్చినందుకే. ఫొటో అక్కర్లేదు, పేరూ అడ్రసూ అచ్చై ఉండాలి. పాస్‌పోర్ట్‌లో అడ్రస్ మనం చేత్తో రాసుకున్నదే కాబట్టి పనికిరాదు. డ్రైవింగ్ లైసెన్స్, బ్యాంకు స్టేట్‌మెంట్, కరెంటు బిల్లు, టీ4 (ఆఫీసు ఏటా ఇచ్చే జీతం పత్రం), పే స్టబ్ ఏదైనా సరిపోతుంది. బేస్‌మెంట్‌లో అద్దెకున్న వాళ్లకి బిల్లు వాళ్ల పేరున ఉండదు, బ్యాంకు స్టేట్‌మెంట్ ప్రింట్ తీసుకోండి. ఇల్లు మారి లైసెన్స్‌లో పాత అడ్రసే ఉంటే అది కూడా చిక్కే, రెండోది ఏదైనా వెంట పెట్టుకోండి.

ఆఫీసుల సంగతి: పోలింగ్ ఉదయం 10 నుంచి రాత్రి 8 దాకా. ఆ మధ్యలో ఉద్యోగికి వరసగా మూడు గంటలు ఖాళీ ఉండాలని చట్టం. షిఫ్టు 9 నుంచి 5:30 అయితే సాయంత్రం మిగిలేది రెండున్నర గంటలే, కాబట్టి 5కే వదలాలి, జీతం కోయకూడదు. ఏ మూడు గంటలన్నది యజమాని వీలుని బట్టి.

జవాబు 6: వార్డులెక్క

ట్రస్టీ (స్కూల్ బోర్డుకి ఎన్నికయ్యే సభ్యులు) గురించి ఎవరూ రాయలేదు. టైటిల్‌లో ఉంది కాబట్టి చెప్తున్నా. మీరు వేరే బోర్డు సపోర్టర్‌గా నమోదు కాకపోతే, పిల్లలు ఉన్నా లేకపోయినా మీ బ్యాలెట్ ఇంగ్లీష్ పబ్లిక్ (పీల్ డిస్ట్రిక్ట్ స్కూల్ బోర్డ్) ట్రస్టీది. క్యాథలిక్ బోర్డ్ ట్రస్టీకి ఓటేయాలంటే రోమన్ క్యాథలిక్ అయ్యుండాలి. బ్యాలెట్ తీసుకోగానే ట్రస్టీ పోటీ సరైన బోర్డుదేనా చూడండి. తప్పుగా ఉంటే మిషన్‌లో పెట్టకముందే చెప్పాలి, పెట్టాక మార్చలేరు.

మిషన్ గురించి కూడా. ఒక పోటీలో ఒక్కరినే ఎన్నుకోవాల్సిన చోట ఇద్దరికి గుర్తు పెడితే స్కానర్ బ్యాలెట్‌ని వెనక్కి తోసి హెచ్చరిస్తుంది. అప్పుడు కొత్త బ్యాలెట్ అడగండి. మొహమాటపడి అలాగే వేసేస్తే ఆ పోటీలో మీ ఓటు చెల్లదు, మిగతావి చెల్లుతాయి. ఏదైనా పోటీ ఖాళీగా వదిలేసినా మిగతావి లెక్కలోకొస్తాయి. మేయర్ మొత్తం ఓట్లకన్నా ట్రస్టీ మొత్తం తక్కువ కనపడటానికి ఇదీ ఒక కారణం.

రాత్రి 8 తర్వాత వచ్చేవి అనధికార ఫలితాలు. క్లర్క్ ధ్రువీకరించినవే ఫైనల్. సరిసమానం అయితే తిరిగి లెక్కింపు తప్పనిసరి. అప్పుడూ సమానమే వస్తే పేర్లు డబ్బాలో వేసి క్లర్క్ చీటీ తీస్తారు.

2022లో గెలిచినవాళ్ల పదవీకాలం 2026 నవంబర్ 14తో అయిపోతుంది, కొత్తవాళ్లది 15న మొదలు. నిలబడాలనుకునేవాళ్లు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే: నామినేషన్ ఫీజు మేయర్‌కి 200, మిగతావాటికి 100 డాలర్లు, కౌన్సిల్ పదవికి 25 మంది ఓటర్ల సంతకాలు, గడువు ఆగస్టు 21 మధ్యాహ్నం 2 గంటలు. సంతకాలు 25 కాకుండా 35 తీసుకోండి, వాటిలో కొందరికి ఆ ఊళ్లో ఓటు ఉండదు.