భ్రమరకీటక న్యాయం: ఆ భ్రమరం తుమ్మెదేనా?

నిన్నటి చర్చలో భ్రమరకీటక న్యాయం అనే పాత ఉపమానం గురించి చాలామంది ఒకే రకంగా రాశారు. పురుగు తుమ్మెదని తలుచుకుంటూ తలుచుకుంటూ చివరికి తుమ్మెదే అయిపోతుంది, మంచి గురువు దగ్గర చేరిన శిష్యుడూ అంతే, అని. సన్మాన సభల్లో కూడా ఇదే చెప్తుంటారు. చెప్పుకోవచ్చు, అందులో తప్పేం లేదు. కానీ పోతన పద్యం ముందు పెట్టుకుని చదివితే అక్కడున్నది అంత మెత్తని సంగతి కాదు. ఆయన భాగవతం సప్తమ స్కంధంలోని కందం ఇది:

కీటకముఁ దెచ్చి భ్రమరము
పాటవమున బంభ్రమింప భ్రాంతంబై త
త్కీటకము భ్రమరరూపముఁ
బాటించి వహించుఁ గాదె భయయోగమునన్

భ్రమరం ఒక పురుగుని తెచ్చి దాని చుట్టూ గిరగిర తిరుగుతుంటే, ఆ పురుగు భ్రమించిపోయి భయంతో భ్రమరం రూపే పొందుతుంది కదా, అని అర్థం. చివరి మాట చూడండి, "భయయోగమునన్". ప్రేమా కాదు, గురుభక్తీ కాదు, భయం. రాజసూయంలో నిండుసభలో కృష్ణుణ్ణి తిట్టిన శిశుపాలుడు చక్రానికి తల తెగి పడ్డాడు, అతని తేజస్సు వెళ్ళి ఆ కృష్ణుడిలోనే కలిసింది. తిట్టినవాడికి సాయుజ్యం ఏమిటని ధర్మరాజు ఆశ్చర్యపోతే నారదుడు ఇచ్చిన జవాబులోది ఈ ఉపమానం. ఇది గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇక ఆ భ్రమరం ఎవరన్నది. సంస్కృత మూలంలో ఇక్కడ భ్రమరం అన్న మాటే లేదు. "కీటః పేశస్కృతా రుద్ధః కుడ్యాయాం తమనుస్మరన్" అని ఉంది. పేశస్కృత్ అంటే నేర్పుగా రూపు దిద్దేది, కుడ్యం అంటే గోడ, రుద్ధః అంటే బంధించబడింది. గోడ మీద గూడు కట్టి, పురుగుని అందులో పెట్టి మూసేసే జీవి అన్నమాట. పోతన గోడని వదిలేసి తిరగడాన్ని పట్టుకున్నాడు. భ్రమరము, బంభ్రమింప, భ్రాంతంబై, ఒకే ధాతువు నుంచి పుట్టిన మూడు మాటలు ఆ చిన్న కందంలో గిరగిర తిరుగుతాయి, పైకి చదివితే చెవిలో రొద వినిపిస్తుంది, నాకు ఎంత ఇష్టమో ఈ పద్యం. అయితే దాంతో మన కళ్ళ ముందుకి నల్ల తుమ్మెద వచ్చి కూర్చుంది. నల్ల తుమ్మెద ఎండుకర్రకి చిల్లి పెట్టుకుని అందులో పిల్లల కోసం పుప్పొడి, తేనె దాస్తుంది. పురుగుల్ని తేవడం దాని పని కాదు. పురుగుని మోసుకొచ్చి మట్టిగూట్లో పెట్టేది కందిరీగ.

ఆ గూడు చూడనివాళ్ళు మనలో ఉండరు. కిటికీ మూలలో, తలుపు చట్రం మీద, ఎప్పుడూ తియ్యని పుస్తకాల వెనక, ఎండిన మట్టి ముద్దలా అంటుకుని ఉంటుంది. ఒక జాతి కందిరీగ చిన్న కుండలాంటి అర కట్టి, పైకప్పు నుంచి సన్నని దారంతో ఒక్క గుడ్డుని వేలాడదీస్తుంది. తర్వాత ఆకుపచ్చ గొంగళిపురుగుల్ని ఒక్కొక్కటీ కుట్టి, కదల్లేకుండా చేసి తెచ్చి, కుండ నింపి మూతి మూసేస్తుంది. చంపెయ్యదు, చంపితే కుళ్ళిపోతాయి కదా. సగం పక్షవాతంతో పడి ఉన్న ఆ పురుగులు అటూ ఇటూ మెదిలినా గుడ్డు నలగకుండా ఆ దారం కాపాడుతుంది. పిల్ల బయటికొచ్చాక కింద ఉన్న తాజా ఆహారాన్ని తింటూ పెరిగి, గూట్లోనే ప్యూపా అయి, రెక్కలొచ్చాక మట్టి పగలగొట్టుకుని ఎగిరిపోతుంది. ఇంకో జాతి పురుగులకి బదులు సాలీళ్ళని నింపుతుంది. అది మట్టిని అద్దేటప్పుడు చేసే ఝుమ్మనే రొద గదంతా వినపడుతుంది.

పురుగు లోపలికి వెళ్ళింది, రొద వినిపించింది, కొన్నాళ్ళకి కందిరీగ బయటికొచ్చింది. మన పెద్దవాళ్ళు చూసింది చూసినట్టే చెప్పారు. మూసిన మట్టి లోపల జరిగేది మాత్రం పైకి కనపడదు.

భ్రాంతంబై అన్న మాటకి ఇంతకన్నా దగ్గరగా వచ్చే కందిరీగ ఇంకొకటుంది, మన దేశంలోనూ ఉంటుంది. పచ్చలా మెరిసే ఆంప్యులెక్స్ కంప్రెస్సా. దీని వేట బొద్దింక. మొదటి పోటు ఛాతీలో పొడుస్తుంది, దాంతో ముందుకాళ్ళు రెండు మూడు నిమిషాలు పడిపోతాయి. ఆ వ్యవధిలో రెండో పోటు తలలోకి, సూటిగా మెదడులోకి. ఆ తర్వాత బొద్దింక అరగంట సేపు తన ఒళ్ళు తాను శుభ్రం చేసుకుంటూ నిలబడుతుంది. కాళ్ళు బాగానే ఉంటాయి, నడిచే శక్తి ఉంటుంది, తనంతట తాను నడక మొదలుపెట్టాలన్న పూనికే ఉండదు. ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ లిబర్సాట్ బృందం ఏళ్ళ తరబడి పరిశోధించింది ఈ సంగతినే. కందిరీగ బొద్దింక మీసాల్ని సగానికి కత్తిరించి, కారిన ద్రవం తాగి, మిగిలిన మీసం ముక్క పట్టుకుని, పలుపు పట్టి దూడని తోలుకెళ్ళినట్టు కన్నం దాకా నడిపించుకెళ్తుంది. కాలికి ఒక గుడ్డు అంటించి, కన్నాన్ని చిన్న రాళ్ళతో మూసేసి వెళ్ళిపోతుంది. మూడు రోజులకి పిల్ల పుడుతుంది, ఇంకొన్ని రోజులకి బొద్దింక ఒంట్లోకి దూరుతుంది. ఆహారం పాడవకుండా మెల్లీన్, మైక్రోమోలైడ్ అనే సూక్ష్మజీవులను చంపే పదార్థాల్ని ఊరించి లోపలంతా పూస్తుందని 2013లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపించారు. చివరికి బొద్దింక ఆకారం అలాగే ఉండగా అందులోంచి మెరిసే కందిరీగ వస్తుంది.

ఇప్పుడు శిశుపాలుడి దగ్గరికి రండి. "నిజంగా పురుగు మారదు కాబట్టి న్యాయం తప్పు" అని ఒకరు రాశారు, నేను ఒప్పుకోను. శిశుపాలుడు బతికుండగా కృష్ణుడు కాలేదు, కృష్ణుడి చేతిలో చచ్చి కలిశాడు. గూట్లో పురుగూ అంతే, చచ్చాకే కందిరీగ ఒళ్ళయింది. ఆ రెక్కలు, ఆ కాళ్ళు, ఆ కొండి తయారైంది పురుగు మాంసంతోనే. గురుశిష్యుల కథగా చదివితే జీవశాస్త్రం అడ్డొస్తుంది కానీ, నారదుడు చెప్పిన సందర్భంలో చదివితే అడ్డు రాదు, సరిగ్గా అతుకుతుంది. "కీటకో భ్రమరం ధ్యాయన్ భ్రమరత్వాయ కల్పతే", అంటే భ్రమరాన్ని ధ్యానించే పురుగు భ్రమరమే అవుతుంది, అనే వివేకచూడామణి శ్లోకంలో మాత్రం (అది వేదాంత గ్రంథం) భయం ఊసు లేదు, అక్కడ ఏకనిష్ఠ, ధ్యానం. మన సభల్లో చెప్పే అర్థం ఆ దారిలోది. రెండింటినీ కలిపేసి పోతన పద్యానికి ధ్యానం తాత్పర్యం రాయొద్దని నా మనవి.

కామెంట్లలో వ్యవసాయం చదివే అమ్మాయి ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగ కూడా ఇలాంటిదేనా అని అడిగింది. అవునమ్మా, అదీ ఈ కోవలోదే. మిల్లీమీటరు కూడా ఉండని ఆ కందిరీగ కాండం తొలిచే పురుగు గుడ్లలో తన గుడ్లు పెడుతుంది. చెరకు తోటల్లో ట్రైకో కార్డులు, అంటే ఆ కందిరీగ పిల్లలున్న గుడ్లు అంటించిన అట్టముక్కలు, కట్టేది అందుకే. పురుగు రావాల్సిన గుడ్డులోంచి కందిరీగ వస్తుంది, అక్కడ భయపడ్డానికి పురుగే ఇంకా పుట్టలేదు.

గోడ మీద మట్టిగూడు కట్టే కందిరీగని మీ ఊళ్ళో ఏ పేరుతో పిలుస్తారో, జిల్లాతో సహా కింద రాయండి. నిఘంటువుల్లో అన్నిటికీ కలిపి కందిరీగ అని సరిపెట్టేశారు, ఊళ్ళల్లో వేరే పేర్లు తప్పకుండా ఉంటాయి.