పూల గడ్డలు ఎక్కడ కొనాలి? అనంతపురంలో ఇంటి ముందు కొంచెం స్థలం ఉంది

మేడమెట్లు (అనంతపురం):

అందరికీ నమస్తే. మాది రామ్‌నగర్ వైపు. ప్రహరీ పొడవునా మూడడుగుల వెడల్పున మట్టి వదిలాం. ఎర్రమట్టి, అడుగు లోతుకే గరుసు తగులుతుంది. మధ్యాహ్నం మూడు దాకా ఎండ బాగా పడుతుంది. అక్కడ గడ్డల నుంచి వచ్చే పూలమొక్కలు వేద్దామని ఆశ. నేలసంపెంగ మాత్రం తప్పకుండా కావాలి, మా అత్తమ్మకు పూజలో రోజూ ఆ పూలే ఉండాలి. మిగతావి మీరు ఏవంటే అవి.

ఎక్కడ కొనాలో తేలడం లేదు. ఫోన్ తెరిస్తే చాలు, 'విదేశీ గడ్డలు, పాతిక రకాలు కలిపి ఒకే ప్యాకెట్' అని ప్రకటనలు. నీలం లిల్లీ, నల్ల లిల్లీ, ట్యులిప్, ఏది చూసినా కళ్లు తిరిగే రంగులు. మా పక్కింటావిడ ఒక ప్యాకెట్ తెప్పించింది. పాతిక రకాలు కాదు కదా, అన్నీ ఒకే రకం గడ్డలు, గోరంత ఉన్నాయి. సగం మెత్తబడి వాసన వచ్చాయి. అడిగితే మొక్కలకు రిటర్న్ లేదన్నారు. ఇక్కడి నర్సరీలో అడిగితే విడిగా గడ్డలు అమ్మరట, కుండీతో సహా తీసుకోమంటున్నారు. మా తమ్ముడు బెంగళూరులో ఉంటాడు, వచ్చేటప్పుడు వాడితో తెప్పించుకోవాలా? కడియం నర్సరీల నుంచి పార్సిల్ తెప్పించుకుంటే బాగుంటుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లరేగడి (కర్నూలు):

మేడం, ముందు ట్యులిప్ సంగతి మర్చిపోండి. దాని గడ్డ మూడు నాలుగు నెలలు గట్టి చలిలో ఉంటేనే లోపల పువ్వు సిద్ధమవుతుంది. శ్రీనగర్‌లో తోట వేశారంటే అక్కడ ఆ చలి ఉంది కాబట్టి. మన దగ్గర ఫ్రిజ్‌లో పెట్టి ఒకసారి పూయించినా, మరుసటి ఏడాదికి ఆ గడ్డ పనికిరాదు. హయసింత్, డాఫొడిల్ కూడా అంతే. నీలం లిల్లీ అయితే ఫోటోలో తప్ప ఎక్కడా లేదు.

బెంగళూరులో తమ్ముడు ఉన్నాడంటే మీకు సగం పని అయినట్టే. లాల్‌బాగ్‌లో నర్సరీమెన్ సహకార సంఘం వాళ్లు అమ్ముతారు, పక్కనే సిద్దాపుర వైపు ప్రైవేటు నర్సరీలు వరసగా ఉంటాయి. జనవరిలో రిపబ్లిక్ డే, ఆగస్టులో స్వాతంత్ర్య దినం పూల ప్రదర్శనలప్పుడు మాత్రం పంపకండి, ఆ జనంలో గడ్డ తిప్పి చూసే తీరిక ఎవరికీ ఉండదు. నేను గ్లాడియోలస్ అక్కడి నుంచే తెచ్చుకుంటా, దసరా దాటాక. వెడల్పుగా, పల్చగా ఉన్నది వద్దు. చిన్నదైనా ఎత్తుగా ఉబ్బినట్టు ఉన్నది, కొసన మొలక తెల్లగా తొంగిచూస్తున్నది తీసుకోమనండి. మొలక లేనిది ఇంకా నిద్రలో ఉన్నట్టు, నెలలు ఆగాలి. డాలియా అయితే ఒంటి దుంప తెస్తే లాభం లేదు, పాత కాండం మొదలు అంటుకుని దాని దగ్గర కన్ను, అంటే మొలక వచ్చే మొగ్గ, ఉండాలి.

మాది నల్లరేగడి, నీళ్లు నిలిచి గడ్డ కుళ్లుతుంది, అందుకే నేను అన్నీ కుండీల్లోనే. మీ ఎర్రమట్టికి ఆ బాధ లేదు.

లిల్లీతోట (ప్రొద్దుటూరు):

చెల్లెమ్మా, మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. ముప్పై సెంట్లలో లిల్లీ వేస్తాం, నేలసంపెంగను మేం లిల్లీ అనే అంటాం, తెల్లారకముందే కోసి మార్కెట్టుకు తోలుతాం. కాబట్టి నేను నేలసంపెంగ మాటే చెప్తా.

దానికి బెంగళూరూ వద్దు, కడియమూ వద్దు. కడియం మంచిదే, కాదనను. కానీ ఎవరు పీకారో, ఎప్పుడు పీకారో తెలీని గడ్డ పార్సిల్లో అన్ని రోజులు ఉక్కపోసి వస్తుంది. నువ్వు లిల్లీ రైతును పట్టుకో. ఎందుకంటే ఈ తోట ఒకసారి వేస్తే రెండు మూడేళ్లు ఉంచుతాం. ఆ తర్వాత గుబురు దట్టమై గడ్డలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, కాడ పొట్టిదైపోతుంది, పువ్వు చిన్నదవుతుంది. అప్పుడు పీకాల్సిందే. పీకితే మళ్లీ నాటడానికి కావాల్సిన దానికంటే ఎన్నో రెట్లు గడ్డ వస్తుంది. మిగిలింది సంచుల్లో పోసి కిలోల లెక్కన వేరే రైతులకు ఇస్తాం. ఇంటి ముందు వేసుకోవడానికి ఎవరైనా ఆడమనిషి వచ్చి రెండు కిలోలు అడిగితే డబ్బు తీసుకోవడానికి మాకే మొహమాటం.

రైతు ఎక్కడ దొరుకుతాడంటావా, పొద్దున్నే మీ పూల మార్కెట్టుకు పో. మండీ ఆయన్ని కాదు, విడిపూల లిల్లీ మూట దించే మనిషిని అడుగు, 'మీ వైపు ఎవరన్నా తోట పీకుతున్నారా' అని. అడగాల్సిన కాలం ఇదే. చలికి పూత తగ్గి ఆకు పసుపు తిరిగినప్పుడు, సంక్రాంతికి అటూఇటూ పీకుతాం. నీడలో పరిచి మూడు నాలుగు వారాలు ఆరనిచ్చి, మాఘం ఫాల్గుణంలో నాటుతాం. జూన్‌లో వాన పడ్డాక నాటేవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. సంచిలో చెయ్యి పెట్టగానే అందరూ పెద్దవి ఏరుకుంటారు. నువ్వు ఏరుకోవద్దు. పెద్ద గడ్డను తిప్పి నెత్తిన చూడు. నడిమధ్యలో ఎండిన కాడ మొదలు గట్టిగా వేలికి తగిలిందంటే అది పోయినేడు పూసేసిన తల్లి గడ్డ. లిల్లీలో ఒక గడ్డ ఒకేసారి కాడ వేస్తుంది. తర్వాత దాని చుట్టూ పుట్టిన పిల్లలే పూయాలి. తూకానికి బాగుంటుందని కొందరు తల్లి గడ్డలే ఎక్కువ పోస్తారు, కొన్నవాళ్లేమో ఏడాదంతా ఆకు చూసుకుంటూ కూర్చుంటారు. నీకు కావాల్సింది రెండు సెంటీమీటర్లకు కొంచెం అటూఇటూ లావు, పైకి సన్నగా కొసదేరి, నెత్తిన కాడ గుర్తు లేనిది. ఒకటిన్నర సెంటీమీటరు కంటే సన్నవైతే ఈ ఏడు బలం పుంజుకోవడానికే సరిపోతుంది. వేళ్ల మధ్య నొక్కితే మంచి ఎర్రగడ్డలాగా, అదే ఉల్లిపాయలాగా, గట్టిగా ఉండాల. నమ్మకం కుదరకపోతే ఒకటి అడ్డంగా కోయమను. లోపల తెల్లగా ఉంటే సరే, గోధుమ రంగు తిరిగి ఉంటే ఆ సంచి వదిలెయ్.

పూజకు, మాలకు అయితే సింగిల్ అడుగు, అంటే ఒంటి వరస రేకులది. వాసన దానిదే. డబుల్, అంటే రేకులు వరసల మీద వరసలుగా ఉండేది, పొడవు కాడతో పూలకుండీలకు, బొకేలకు పోతుంది, చూడ్డానికి నిండుగా ఉంటుంది గానీ వాసన తక్కువ. బెంగళూరు దగ్గర హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు తెచ్చిన రకాల్లో శృంగార్, ప్రజ్వల్ సింగిల్. సువాసిని, వైభవ్ డబుల్. మా తోటలోది ప్రజ్వల్ అని గడ్డ ఇచ్చినాయన చెప్పినాడు. మొగ్గ కొసన లేత గులాబీ రంగు తిరిగి, విచ్చుకున్నాక తెల్లగా ఉంటుంది కాబట్టి నమ్మినా.

నాటేటప్పుడు రెండంగుళాల లోతు, జానెడు దూరం. గుంటలో పిడికెడు వేపపిండి వెయ్, వేర్లకు బుడిపెలు కట్టించే నులిపురుగు దీనికి పెద్ద శత్రువు. నాటిన రోజు ఒక తడి ఇచ్చి, మొలక వచ్చేదాకా చెయ్యి బిగబట్టు. రోజూ నీళ్లు పోసి కుళ్లబెట్టేవాళ్లే ఎక్కువ. మూడు నాలుగు నెలలకు కాడ కనిపిస్తుంది.

పెరటిగట్టు (కడప, ఎర్రముక్కపల్లి):

అన్న చెప్పింది నేలసంపెంగకు. మిగతా వరసకు నేను చెప్తా. వాన లిల్లీ, ఎర్ర లిల్లీ, ఫుట్‌బాల్ లిల్లీ, ఈ మూడూ మన కడప ఎండల్లోనే నా పెరట్లో ఏళ్లుగా ఉన్నాయి. వీటిని కొనడం దండగ అంటాను నేను. వాన లిల్లీ ఎవరింట్లో ఉన్నా గుబురు గుబురుగా ఉంటుంది, వాన పడిన మూడో నాలుగో రోజు వీధిలో తిరిగి ఏ ఇంటి ముందు గులాబీ రంగు కనిపిస్తే ఆ ఇంట్లో అడగండి. ఎవరూ కాదనరు. ఫుట్‌బాల్ లిల్లీ ఏడాదికి ఒక్కసారి, వేసవి చివర్లో పూస్తుంది, కాబట్టి కొనాలనుకుంటే ఆ పూత మీద ఉన్నప్పుడే కొనండి, లేకపోతే ఏ గడ్డ ఇచ్చి ఏ పేరు చెప్పినా తెలీదు. ఎర్ర లిల్లీ గడ్డ మెడ మట్టి పైకి కనిపించేట్టు నాటాలి, పూర్తిగా పూడ్చకండి.

ఇంకో మాట. తెచ్చిన గడ్డల్ని వంటింట్లో ఎర్రగడ్డల బుట్ట పక్కన పెట్టొద్దు. వాన లిల్లీ, ఎర్ర లిల్లీ గడ్డల్లో లైకోరిన్ అనే విషం ఉంటుంది, తింటే వాంతులు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఒకసారి కత్తిపీట ముందు పెట్టుకుని కూర్చుంది కూడా, వాసన రాలేదేందబ్బా అని నన్ను పిలిచింది కాబట్టి సరిపోయింది.

మేడమెట్లు (అనంతపురం):

అందరికీ చాలా థ్యాంక్స్. అన్నా, రేపే మార్కెట్టుకు పోతా. తమ్ముడికి గ్లాడియోలస్ సంగతి దసరాకు గుర్తు చేస్తా. ఒక్క అనుమానం. సింగిల్‌తో పాటు అందానికి డబుల్ కూడా కొన్ని వేద్దామనుకుంటున్నా. పక్కపక్కన వేస్తే రెండు మూడేళ్లకు కలిసిపోయి ఏదీ కాకుండా పోతాయా?

లిల్లీతోట (ప్రొద్దుటూరు):

పోవు. గడ్డ పక్కన పుట్టేది తల్లి రకమే, పక్క వరసది దీనికి అంటదు. కాకపోతే పూత లేనప్పుడు ఆకు చూసి ఏది ఏదో నువ్వే కాదు, నేనూ చెప్పలేను. డబుల్ వేసినచోట పుల్ల గుచ్చుకో. పీకేటప్పుడు వేరే సంచిలో పోసుకో. మార్కెట్టుకు మాత్రం ఆరు లోపల పో, ఎండెక్కితే రైతులు ఇళ్లకు పోయుంటారు.