ఓడలో ఉన్న తమ్ముడికి విపరీతమైన కడుపునొప్పి, డాక్టర్ లేడట. ఇంటి దగ్గర నుంచి మేం ఏం చేయగలం?

కవిటి అక్క:
అందరికీ నమస్కారం. మాది కవిటి దగ్గర పల్లె. మా తమ్ముడు బల్క్ క్యారియర్ (ఖనిజం లాంటి విడి సరుకు మోసే ఓడ) మీద వైపర్‌గా, అంటే ఇంజన్ రూమ్‌లో చిన్న ఉద్యోగిగా చేస్తున్నాడు. బ్రెజిల్‌లో ఇనుప ఖనిజం ఎత్తుకుని చైనా వెళ్తున్నారు, దక్షిణాఫ్రికా కొసన కేప్ దాటి హిందూ మహాసముద్రంలోకి వచ్చారట. నిన్న రాత్రి నుంచి కుడి పక్క తట్టుకోలేని నొప్పి, వాంతులు కూడా అయ్యాయి. వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పెడతాడు, అంతలో నెట్ పోతుంది. "సెకండాఫీసర్ సార్ ఇంజెక్షన్ ఇచ్చారు, తగ్గిపోతుందిలే" అంటాడు. డాక్టర్ లేడా అంటే లేడన్నాడు. డాక్టర్ కానివాడు ఇంజెక్షన్ ఇవ్వడమేంటండీ? అపెండిసైటిస్ అయితే లోపల పగిలిపోతుందని పక్కింటివాళ్ళు భయపెడుతున్నారు. ఏజెంట్ ఆఫీసుకి ఫోన్ చేస్తే కనుక్కుని చెప్తామని పెట్టేశారు. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఎవరిని పట్టుకోవాలి, ఏం అడగాలి, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పన్నెండు-నాలుగు వాచ్:
అక్కా, నేను సెకండ్ ఆఫీసర్‌ని, వైజాగ్. ఇప్పుడు లీవులో ఉన్నా. సరుకు ఓడల్లో డాక్టర్ ఉండడు, అది మీవాడి కంపెనీ పిసినారితనం కాదు. వంద మందికి తక్కువ కాకుండా ఉండి, మామూలుగా మూడు రోజులు దాటే అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడలోనే డాక్టర్ ఉండి తీరాలని మారిటైమ్ లేబర్ కన్వెన్షన్, అంటే ఓడ పనివాళ్ళ హక్కుల అంతర్జాతీయ ఒప్పందం చెబుతుంది. బల్క్ క్యారియర్‌లో ఉండేది ఇరవై, ఇరవై ఐదు మందిమి. అక్కడ వైద్యం చూసేది ఆఫీసర్లలో ఒకడు, ఎక్కువ ఓడల్లో సెకండ్ ఆఫీసరే, పైన బాధ్యత మాత్రం కెప్టెన్‌ది. ఇంజెక్షన్ చేయడం, సెలైన్ ఎక్కించడం, గాయానికి కుట్లు వేయడం కోర్సులో నేర్పించాకే మమ్మల్ని ఈ పనికి పెడతారు. ఓడలో హాస్పిటల్ అని ఒక గది ఉంటుంది. మంచం, పక్కనే బాత్రూమ్, ఆక్సిజన్ సిలిండర్, తాళం వేసిన మందుల అలమారా. మార్ఫిన్ లాంటివి కెప్టెన్ సేఫ్‌లో ఉంటాయి, ఒక ఆంప్యూల్ తీసినా లెక్క రాసి సంతకం పెట్టాల్సిందే.

అన్నిటికన్నా ముఖ్యం ఏంటంటే ఆ ఇంజెక్షన్ సెకండ్ ఆఫీసర్ తన బుర్రతో ఇచ్చి ఉండడు. ఇలాంటి కేసు రాగానే, ఒడ్డు నుంచి ఓడలకి డాక్టర్లు సలహా చెప్పే రేడియో మెడికల్ సెంటర్‌కి కేసు పంపిస్తాం. రోమ్‌లో సీఐఆర్ఎం ఉంది, 1935 నుంచి ఇదే పని, మొదటి అధ్యక్షుడు రేడియో మార్కోనీయే. ఫ్రాన్స్‌లో తులూజ్‌లో, జర్మనీలో కుక్స్‌హావెన్‌లో కూడా ఇలాంటివే ఉన్నాయి. ఏ దేశం జెండా కట్టిన ఓడైనా సరే, రాత్రీపగలూ, డబ్బు తీసుకోకుండా డాక్టర్ సలహా ఇవ్వాలి. శాటిలైట్ సెట్‌లో దీనికి ప్రత్యేకంగా కోడ్‌లే ఉన్నాయి, సలహాకి 32, మనిషిని దింపాలి లాంటి సహాయానికి 38. కాబట్టి మీవాడిని మొదట అడగాల్సింది "రేడియో డాక్టర్‌తో మాట్లాడారా, ఆయన ఏమన్నాడు" అని. లేదంటే మాట్లాడమని అడిగే హక్కు వాడికి ఉంది.

ఇక ఏజెంట్‌ని వదిలేయండి. కంపెనీలో డీపీఏ అని ఒకరుంటారు, డెజిగ్నేటెడ్ పర్సన్ అషోర్. ఓడకీ కంపెనీ పెద్దలకీ మధ్య సూటిగా మాట్లాడే మనిషి, ప్రతి ఓడకీ ఉండి తీరాలి. ఆయన పేరు, ఇరవై నాలుగు గంటల ఫోన్ నంబరు ఓడలో నోటీసు బోర్డు మీద ఉంటాయి. ఫోటో తీసి పంపమనండి మీ తమ్ముణ్ణి.

పాత ఫిట్టర్:
కోర్సులు, రోమ్ డాక్టర్లు, వినడానికి బావుంటాయి. నేను పనిచేసిన ఓడల్లో కాలు నొప్పికీ పారాసెటమాలే, కడుపునొప్పికీ పారాసెటమాలే. అలమారాలో సగం మందులు డేటు అయిపోయి ఉండేవి. జబ్బని చెప్పుకుంటే ఇంటికి పంపేస్తారని, మళ్ళీ కాంట్రాక్ట్ రాదని, మనవాళ్ళే నోరెత్తరు. మీవాడు "తగ్గిపోతుందిలే" అంటున్నాడు చూడండి, ఆ మాట నమ్మకండి.

పన్నెండు-నాలుగు వాచ్:
మందుల పెట్టెని ఏడాదికోసారైనా తనిఖీ చేయాలి అన్నా, పోర్ట్‌లో ఇన్‌స్పెక్టర్ ఎక్కితే చూసేవాటిలో డేటు అయిపోయిన మందులూ ఒకటి. అన్ని ఓడలూ ఒకలా ఉంటాయని నేను అనను. కానీ దాచుకునే సంగతి మాత్రం మీరన్నది నూటికి నూరుపాళ్ళు నిజం, మాకు తలనొప్పి అక్కడే. రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు వచ్చి చెబుతారు, ఈలోపు ఓడ ఐదారు వందల మైళ్ళు రేవుకి దూరం వెళ్ళిపోయి ఉంటుంది.

డాక్టరమ్మ, శ్రీకాకుళం:
అమ్మా, నేను జనరల్ ఫిజీషియన్‌ని. ఇక్కడ నుంచి నేను మందు రాయను, అది ఓడలోవాళ్ళూ రేడియో డాక్టరూ చూసుకోవాలి. కానీ కొన్ని ప్రశ్నలు అడుగుతాను, తమ్ముణ్ణి కనుక్కుని చెప్పండి. నొప్పి మొదట బొడ్డు చుట్టూ మొదలై తర్వాత కుడివైపు కిందకి దిగిందా, లేక వీపు పక్క నుంచి మొదలై గజ్జల్లోకి దిగుతోందా? కదలకుండా పడుకుంటే హాయిగా ఉందా, లేక ఏ వైపు తిరిగినా నిలవలేక అటూఇటూ దొర్లుతున్నాడా? అపెండిసైటిస్ ఉన్నవాడు కదలడానికి భయపడతాడు, దగ్గినా కలుక్కుమంటుంది. కిడ్నీ రాయి అయితే మనిషి ఒకచోట కూర్చోలేడు. జ్వరం, చలి ఉన్నాయా? మూత్రం వస్తోందా, ఏ రంగులో ఉంది?

ఇంకొకటి. మీది కవిటి అంటున్నారు, ఆ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి అడుగుతున్నా, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా?

కవిటి అక్క:
ఇప్పుడే మాట్లాడాడండి, రెండు నిమిషాలు. పడుకోలేకపోతున్నాడట, బాత్రూమ్‌లో గోడ పట్టుకుని నిలబడితే కాస్త నయమట. వీపు నుంచి కిందకి లాగుతోందన్నాడు. మూత్రం ఎర్రగా ఉంది, తక్కువ వస్తోంది. జ్వరం చూశారు, లేదు. ఇంజెక్షన్ డైక్లోఫెనాక్ అట, రెండుసార్లు ఇచ్చారు. రేడియో డాక్టర్‌కి మెయిల్ పెట్టారట.

ఇంట్లో అంటే... నాన్నకి పలాసలో డయాలసిస్ చేయిస్తున్నామండి. తమ్ముడికి ఏమీ లేదు, జాయినయ్యే ముందు మెడికల్‌లో అన్నీ నార్మలే వచ్చాయి. నాన్న సంగతి కంపెనీకి చెబితే వాడి ఉద్యోగం పోతుందేమోనని భయంగా ఉంది. చెప్పాలా?

డాక్టరమ్మ, శ్రీకాకుళం:
చెప్పాలమ్మా, ఈ రాత్రికే చెప్పాలి. మీరన్న లక్షణాలకి రాయి అనే అనుమానం ఎక్కువ, స్కాన్ లేకుండా ఖాయంగా చెప్పలేం. రాయి నొప్పికి డైక్లోఫెనాక్ మంచి మందే, రేడియో డాక్టర్ కూడా మొదట అదే చెప్పి ఉండొచ్చు, సెకండ్ ఆఫీసర్‌ని తప్పుపట్టడానికి లేదు. కానీ కిడ్నీ ముందే బలహీనంగా ఉన్నవాళ్ళకి ఆ జాతి నొప్పి మందులు దాన్ని ఇంకా దెబ్బతీస్తాయి. ఉద్దానంలో పైకి ఏ లక్షణమూ లేకుండానే క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో రక్తపరీక్షలో చెప్పే అంకె) పెరిగి ఉన్నవాళ్ళని మేం రోజూ చూస్తున్నాం. మెడికల్ ఎప్పుడు చేశారో, అందులో క్రియాటినిన్ చూశారో లేదో కాగితం వెతకండి. తండ్రికి డయాలసిస్ అని ఆ డాక్టర్‌కి తెలిస్తే మందు మారుస్తాడు, మూత్రం ఎంత వస్తోందో కొలిపిస్తాడు. తెలియకపోతే అదే ఇంజెక్షన్ మళ్ళీ ఇస్తారు.

చలితో జ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా ఇక ఆలస్యం పనికిరాదు. రాయి అడ్డుపడిన కిడ్నీలో ఇన్ఫెక్షన్ చేరితే ప్రాణం మీదకి వస్తుంది. బిందెలకొద్దీ నీళ్ళు తాగించి రాయిని తోసేద్దాం అని మాత్రం ఎవరూ చెప్పకండి, నొప్పి మధ్యలో దానివల్ల వాంతులే ఎక్కువవుతాయి. మామూలుగా తాగనివ్వండి.

పన్నెండు-నాలుగు వాచ్:
ఉద్యోగం సంగతి నేను చెప్తా. కన్వెన్షన్‌లో ఓనరు బాధ్యత నుంచి తప్పించుకునే సందు ఒకటుంది, జాయినయ్యేటప్పుడు కావాలని దాచిన జబ్బు అయితే ఖర్చు పెట్టక్కర్లేదు. అది వాడి జబ్బు గురించి. నాన్న జబ్బు వాడు దాచినట్టు కాదు. పైగా మెడికల్‌లో అన్నీ నార్మల్ అని కాగితం ఉంది కదా.

ఇలా చేయండి. తమ్ముడికి వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టండి, నెట్ రాగానే దిగుతుంది: నాన్నకి కిడ్నీ ఫెయిల్యూర్, డయాలసిస్, ఈ మాట సెకండ్ ఆఫీసర్‌కీ కెప్టెన్‌కీ ఇప్పుడే చెప్పు అని. వాడు చెప్పడానికి మొహమాటపడతాడు కాబట్టి డీపీఏకి మీరే ఫోన్ చేసి, వెంటనే మెయిల్ కూడా పెట్టండి. మెయిల్‌లో ఓడ పేరు, తమ్ముడి పేరు, ర్యాంకు, పుట్టిన తేదీ, ఇండోస్ నంబరు (సీమన్‌కి ఇచ్చే గుర్తింపు నంబరు), నాన్న జబ్బు, తమ్ముడు ఇదివరకు వాడిన మందులు, పడని మందులు. ఏడుపు, కోపం, "మీరేం చేస్తున్నారు" లాంటివి అందులో రాయకండి, ఆ మెయిల్‌ని వాళ్ళు ఉన్నదున్నట్టు డాక్టర్‌కి పంపించేలా ఉండాలి.

గాజువాక కుర్రోడు:
ఇదంతా ఎందుకు, 1554కి కొడితే కోస్ట్ గార్డ్ హెలికాప్టర్ వెళ్తుంది కదా? మొన్న ఎవరినో అలాగే తెచ్చారు.

పన్నెండు-నాలుగు వాచ్:
1554 మన ఇండియన్ కోస్ట్ గార్డ్‌ది తమ్ముడూ, మన తీరానికి దగ్గర్లో అయితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఈ ఓడ ఉన్నది కేప్ దాటి ఎక్కడో దక్షిణాన. హెలికాప్టర్ ఇంధనం పోను, వచ్చి పోను లెక్కేసుకుంటే ఒడ్డు నుంచి నూటయాభై, రెండొందల నాటికల్ మైళ్ళు దాటితే కష్టం. పైగా గాలిలో వేలాడదీసి పైకి లాగడమంటే రోగికీ, లాగేవాడికీ ఇద్దరికీ ప్రమాదమే, అవసరమైతేనే చేస్తారు. లోడైన బల్క్ క్యారియర్ పన్నెండు నాట్స్‌తో రోజుకి మూడొందల మైళ్ళ లోపే నడుస్తుంది. ఆ దారిలో అందుబాటులో ఉండే రేవు మారిషస్‌లో పోర్ట్ లూయీ. డాక్టర్ దింపమంటే కెప్టెన్ అటు తిప్పుతాడు, ఓడ లోపలికి వెళ్ళకుండా బయటే ఆగితే లాంచీ వచ్చి మనిషిని తీసుకెళ్తుంది. దారి మళ్ళించిన ఖర్చు ఓడ ఓనర్లంతా కలిసి పెట్టుకున్న ఇన్సూరెన్స్ క్లబ్బు చూసుకుంటుంది, అందుకని కెప్టెన్ డబ్బుకి జంకి ఆగాల్సిన పని లేదు.

కవిటి అక్క:
అందరికీ చాలా థాంక్స్ అండి. డీపీఏ ఆయన రాత్రి పన్నెండింటికి ఫోన్ ఎత్తారు, మెయిల్ పెట్టమన్నారు, పెట్టాను. నాన్న మాట రేడియో డాక్టర్‌కి చేరింది. ఆ ఇంజెక్షన్ ఆపేసి వేరేది ఇస్తున్నారట. స్ట్రిప్ ముంచి చూస్తే మూత్రంలో రక్తం ఉందట. సెకండాఫీసర్ గారు ప్లాస్టిక్ జగ్గు మీద మార్కర్‌తో గీతలు గీసి ఇచ్చి ప్రతిసారీ అందులో పోయమన్నారు, మూడు గంటలకోసారి నాడి, బీపీ, జ్వరం రాసుకుంటున్నారు. ఓడ పోర్ట్ లూయీ వైపు తిరిగింది, ఎల్లుండికి చేరుతుందట. అమ్మకి చెప్పేశాను, నేననుకున్నంత కంగారు పడలేదు.

ఇప్పుడు వేరే బెంగ. పరాయి దేశంలో ఆసుపత్రి బిల్లు మేం కట్టాలా? జీతం ఆగిపోతుందా?

పాత ఫిట్టర్:
ఆ జగ్గు సంగతి విన్నాక మీ సెకండాఫీసర్ మీద నాకు గౌరవం వచ్చిందమ్మా. బిల్లు మీరు కట్టక్కర్లేదు. ఆసుపత్రి, హోటలు, విమాన టికెట్టు అన్నీ ఓనరువే. రేవులో ఏజెంట్ ఏదైనా కాగితం మీద సంతకం పెట్టమంటే చదవకుండా పెట్టొద్దని చెప్పండి. "నా ఇష్టంతో దిగిపోతున్నాను" అని ఉంటే అసలు పెట్టకూడదు. మెడికల్ సైన్ ఆఫ్, అంటే జబ్బు వల్ల దింపుతున్నాం అని ఉండాలి.

పన్నెండు-నాలుగు వాచ్:
పైన అన్న చెప్పింది బంగారం లాంటి మాట. జీతం విషయానికొస్తే ఓడలో ఉన్నంతవరకూ, ఇంటికి చేరేవరకూ పూర్తి జీతం రావాలి. ఇల్లు చేరాక ఎంత, ఎన్నాళ్ళు అన్నది వాడి అగ్రిమెంట్‌లో ఉంటుంది, అయితే కన్వెన్షన్ ప్రకారం వైద్యం ఖర్చుకైనా సిక్ వేజెస్‌కైనా (జబ్బు కాలపు జీతం) పదహారు వారాలకంటే తక్కువ పరిమితి పెట్టకూడదు. ఇండియా 2015లోనే దీనికి సంతకం చేసింది. కోవిడ్ టైమ్‌లో చాలా రేవులు రోగుల్ని దింపనివ్వలేదు, మావాళ్ళు నరకం చూశారు. ఆ తర్వాతే వెంటనే వైద్యం కావాల్సిన సీమన్‌ని ఆలస్యం లేకుండా దింపనివ్వాలని 2022లో రూలు చేర్చారు, 2024 డిసెంబర్ నుంచి అది అమల్లో ఉంది. మారిషస్‌లో ఇబ్బంది పెడతారని నేను అనుకోను. ఒకవేళ పెడితే డీపీఏకి ఆ రూలు గుర్తుచేయండి.

దిగేటప్పుడు సీడీసీ (సీమన్ పుస్తకం), పాస్‌పోర్టుతో పాటు ఓడలో రాసిన మెడికల్ రిపోర్ట్ కాపీ చేతిలో పెట్టుకోమనండి. ఏ మందు ఏ టైముకి ఇచ్చారో అందులోనే ఉంటుంది, అక్కడి డాక్టర్ మొదట అడిగేది అదే.

కవిటి అక్క:
ఇవాళ దిగాడండి. స్కాన్‌లో కుడి వైపు రాయి కనబడింది, చిన్నదేనట. క్రియాటినిన్ కొంచెం ఎక్కువుంది, ఎందుకో చూడాలన్నారు. జ్వరం లేదు. కంపెనీవాళ్ళ మనిషి ఆసుపత్రిలో పక్కనే ఉన్నాడు.

డాక్టరమ్మ, శ్రీకాకుళం:
మంచి కబురు. ఆ క్రియాటినిన్ రాయి వల్ల పెరిగిందా, డైక్లోఫెనాక్ వల్లనా, లేక ముందు నుంచే ఉందా అన్నది ఒక్క పరీక్షతో తేలదు. ఇంటికి వచ్చాక కొన్ని వారాలకి మళ్ళీ చేయించి, రెండు రిపోర్టులూ పట్టుకుని నెఫ్రాలజిస్ట్ దగ్గరకి వెళ్ళండి. ఇంజన్ రూమ్ వేడిలో చెమటకి సరిపడా నీళ్ళు తాగకపోతే రాళ్ళు మళ్ళీ వస్తాయి, ఆ మాట వాడికి గట్టిగా చెప్పండి. ఫిట్ అని కాగితం వచ్చేవరకూ ఏ ఏజెంట్ పిలిచినా జాయినవ్వనివ్వకండి.